మాసయ్య ఎడమ పాదం

అశోక్ నగర్ సందుల్లో పొద్దున ఏడింటికి ఒక్క పావుగంట నిలబడితే చాలు, ఈ దేశంలో మనిషి పుట్టేదే ఏదో ఒక పరీక్ష పాసవడానికని నమ్మకం కుదురుతుంది. వీపున బ్యాగు, చంకలో జిరాక్సు కట్ట, నోట్లో సగం నమిలిన ఇడ్లీ, కళ్లలో తీరని నిద్ర. ఒకరు గ్రూప్ వన్ అంటారు, ఒకరు ఎస్సై అంటారు, ఏదీ తేల్చుకోని వాళ్లు అన్నీ రాస్తామంటారు. అలాంటి ఆరువందల మంది వచ్చిపోయే నాలుగంతస్తుల కోచింగ్ సెంటర్ ఒకటుంది. దాని గేటు దగ్గర పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకా నిలబడేవాడు మాసయ్య. పాలమూరు జిల్లా మనిషి. ఫిరంగి దళంలో ఇరవై రెండేళ్లు చేసి హవల్దారుగా రిటైరై మూడేళ్లయింది.

నిలబడేవాడు అంటే నిలబడేవాడే. ఆ గేటు దగ్గర కుర్చీ లేదు. వాచ్‌మన్ కూర్చుంటే మేనేజర్ ఫణీంద్రకు గిట్టదు. "అన్నా, మిలిటరీ ఆయనను పెట్టుకున్నదే సక్కగ నిలవడతడని. పేరెంట్సు చూడంగనే భరోసా రావాలె" అని చేరిన రోజే చెప్పాడు. తను మాత్రం ఏసీ గదిలో తిరిగే కుర్చీలో కూర్చుని చెప్పాడనుకోండి, అది వేరే సంగతి.

మాసయ్య నిలబడితే నిజంగానే చూడముచ్చటగా ఉంటుంది. కత్తిరించిన మీసం, ఇస్త్రీ చొక్కా, మొహం కనిపించేంత నునుపు బూట్లు. నడిచేటప్పుడు ఎడమ మోకాలు కాస్త ఎక్కువ ఎత్తి, పాదాన్ని టప్పున నేలకు కొడతాడు. అది కవాతు నడక అని కోచింగ్ పిల్లలు అనుకుంటారు. కాదు. ఆ పాదం తనంతట తాను పైకి లేవదు. మోకాలు ఎత్తకపోతే వేళ్లు నేలకు తట్టుకుని బోర్లా పడతాడు. పిల్లలు మెచ్చుకుంటుంటే వాళ్ల పొరపాటును మాసయ్య దిద్దలేదు. ఆయన దిద్దే రకం కాదు, వచ్చిన చిక్కంతా అక్కడే.

పదకొండేళ్ల కిందట మంచుకొండల మీద లారీలోంచి ఫిరంగి గుండ్లు దింపుతున్నారు. ఒక్కో గుండు నలభై కిలోల పైమాటే. గుండు చేతులు మారుతుండగా ఎదుటి జవాను కాలు జారింది. ఆ కుర్రవాడి కాళ్ల మీద పడబోయే గుండును మాసయ్య ఒక్కడే ఒడిసిపట్టాడు. నడుములో ఏదో పటుక్కుమంది. కళ్లు తిరిగాయి. గుండును మాత్రం పద్ధతిగా పక్కన పెట్టి మరీ కూలబడ్డాడు.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. వెళితే రోగుల పుస్తకంలో పేరెక్కుతుంది. పేరెక్కితే, ఇంకో పదిహేను రోజుల్లో మొదలయ్యే హవల్దారు ప్రమోషన్ కోర్సు చేజారిపోతుంది. మందులిచ్చే కుర్రాడు తన జిల్లావాడే కాబట్టి, వాడి దగ్గర గుట్టుగా గోలీలు తీసుకుని, నడుముకు పట్టీ బిగించి కోర్సుకు పోయాడు. పాసయ్యాడు. చొక్కా భుజాన హవల్దారు మూడో గీత వచ్చింది. నడుము మాత్రం ఆ తర్వాత ఆయన మాట వినలేదు. మూడు నాలుగేళ్లు గడిచేసరికి నొప్పి పిర్రలోంచి పిక్కలోకి దిగింది. ఆ తర్వాత పాదం మొద్దుబారింది.

రిటైరయ్యే ముందు పటాలం వాళ్లు పద్ధతి ప్రకారం మెడికల్ బోర్డు పెట్టారు. స్కానులో డిస్కు జారినట్టు కనిపించింది. అది సర్వీసు వల్లనే వచ్చిందని ఒప్పుకున్నారు. కానీ వైకల్యం పదిహేను శాతం అని రాశారు. నరాలు బాగానే ఉన్నాయని రాశారు. ఇరవై శాతం ఉంటే తప్ప వైకల్యం పెన్షన్ రాదు. ఆ అయిదు శాతం లేక మాసయ్య గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడుతున్నాడు. అది వస్తే ఆ నౌకరీ మానేసి కూర్చుని చేసే పని ఏదైనా వెతుక్కోవచ్చు. రాకపోతే, ఆ కాలు ఎన్నాళ్లు మోస్తే అన్నాళ్లు.

ఆ పాదం మొద్దుబారిన సంగతి బయటపడింది చిక్కడపల్లిలో భార్యాభర్తలు అద్దెకుండే ఇంట్లోనే. ఇంటావిడ విద్యావతి ప్రభుత్వ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పెన్షన్ ఫైళ్లు చూసి రిటైరైన మనిషి. ఎక్కడైనా కాగితం తప్పుగా ఉందంటే ఆమెకు అన్నం సయించదు. ఒక ఆదివారం కరెంటు బిల్లు డబ్బులు ఇచ్చేసి మాసయ్య ఆమె వాకిట్లోంచి మెట్లు దిగుతున్నాడు.

"మాసయ్యా, నీ చెప్పు ఈడనే ఉన్నది చూడు" అంది వెనకనుంచి.

చూసుకుంటే ఎడమ కాలి చెప్పు పై మెట్టు మీదుంది. ఆయన మూడు మెట్లు కింద, ఎండలో కాలుతున్న బండ మీద ఉన్నాడు. చెప్పు ఊడింది తెలియదు, బండ కాలుతున్నదీ తెలియదు. విద్యావతి ఆయన్ను కూర్చోబెట్టి సంగతంతా రాబట్టింది. పాత బోర్డు కాగితాలు తెప్పించుకుని అప్పీలు రాసింది. ఎనిమిది నెలలు తిరగ్గా, మళ్లీ పరీక్ష చేస్తాం, మిలిటరీ ఆసుపత్రికి ఫలానా తారీకున రమ్మని ఉత్తరం వచ్చింది.

బోర్డుకు ఇంక పదిరోజులు. అక్కడినుంచి ఇంట్లో కోచింగ్ మొదలైంది. మాసయ్య భార్య స్వర్ణ అశోక్ నగర్లోనే ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఇంటర్వ్యూలకు తయారయ్యే పిల్లల్ని రోజూ చూసే మనిషి. మొగుణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, తను స్టూలు మీద డాక్టరులా కూర్చుంది.

"ఎట్లున్నదయ్యా నడుము?"

"ఠీక్ హై సాబ్."

స్వర్ణ నెత్తి కొట్టుకుంది. "ఠీక్ ఉంటే గాడికి ఎందుకు పోతున్నవ్ మల్ల? నొస్తున్నదని చెప్పు. ఎక్కడ నొస్తున్నదో చెప్పు."

"కొంచెం నొస్తున్నది సాబ్. అయినా పర్వాలేదు."

"ఆ పర్వాలేదు తీసెయ్యి!"

పాపం ఆయన తప్పేముంది? ఇరవై రెండేళ్లు మెడికల్ అంటే పాసు కావాల్సిన పరీక్ష. ఫెయిలైతే ప్రమోషన్ పోయింది, పోస్టింగ్ పోయింది, తోటివాళ్లలో పరువు పోయింది. అలాంటి మనిషిని పదిరోజుల్లో నొప్పి చెప్పుకునేవాడిగా మార్చాలంటే, పులుసు కాచినంత తేలిక కాదు. అయినా స్వర్ణ వదల్లేదు. రోజూ అరగంట. నాలుగోరోజుకు పర్వాలేదు అనడం మానేశాడు.

ఆరోరోజు విద్యావతి పాత బోర్డు కాగితం చేత్తో పట్టుకుని వచ్చింది. "మాసయ్యా, నాకొకటి అర్థమైతలేదు. చెప్పు ఊడితే తెల్వనోడివి. మరి ఈ కాగితంల స్పర్శ మామూలుగానే ఉన్నదని ఎట్ల రాసిండ్రు? అప్పుడు తిమ్మిరి లేకుండెనా?"

"ఏమో అమ్మా. యాదికి లేదు" అన్నాడు మాసయ్య. అన్నాడే గానీ మొహం పాలిపోయింది. విద్యావతి కళ్లజోడు సరిచేసుకుని ఒక క్షణం చూసి వెళ్లిపోయింది. స్వర్ణకు మాత్రం ఆ మొహం తెలుసు. తలుపు దగ్గరికి వేసి, ఎదురుగా కూర్చుంది.

"ఏందో చెప్పు."

మాసయ్య చెప్పాడు. ఆ బోర్డులో డాక్టరు కళ్లు మూసుకోమని, పాదం మీద సూది మొన ఆనించి, తెలిసినప్పుడల్లా హా అనమన్నాడు. కుడికాలికి తెలిసింది. ఎడమకాలికి ఏమీ తెలియలేదు. "కుడికాలుకు చేసినప్పుడే లెక్క వట్టిన. ఆయన చెయ్యి ఒక వరసల పోతున్నది. గదే లెక్కన ఎడమకాలుకు గూడ హా, హా అన్న."

స్వర్ణకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముందుకు జరిగింది. "తెల్వకుంటే తెలిసిందని చెప్పినవా? ఎందుకు?"

"ఏమో. అనకుంటే ఫెయిలైతననిపిచ్చింది."

ఆమెకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపు వచ్చింది, రెండింటి మీదా కోపం వచ్చింది. మూడేళ్లుగా తన మొగుడికి సర్కారు అన్యాయం చేసిందని హాస్టల్ పిల్లలందరికీ చెప్పుకుంటున్నది. తీరా చూస్తే సర్కారు ఆయన చెప్పిందే రాసుకుంది. "ఈసారి మెదలకుంట పండుకో. తెల్వకుంటే నోరు తెరవకు. గంతే నీ పని" అంది. మాసయ్య తలూపాడు. నోరు తెరవకపోతే సరే, మరి పాత కాగితంలో అలా ఎందుకుందని అడిగితే? బోర్డు ముందు అబద్ధమాడిన హవల్దారని రాసుకుంటే? ఆ భయం ఆయనొక్కడే మోశాడు. ఆ నాలుగురోజులూ గేటు దగ్గర ఎవరు పలకరించినా ఉలిక్కిపడ్డాడు.

బోర్డు రోజు పొద్దున్నే నారాయణగూడ చౌరస్తాలో సికింద్రాబాద్ బస్సు కోసం ఇద్దరూ నిలబడ్డారు. మాసయ్య తెల్లచొక్కా వేసుకున్నాడు. ఎందుకో హుషారుగా ఉన్నాడు. నడుము నిటారుగా ఉంది. రోజూ పొద్దుట మంచం దిగడానికి పది నిమిషాలు మూలిగే మనిషి, ఇవాళ చకచకా నడుస్తున్నాడు. స్వర్ణకు అనుమానం వచ్చి సంచిలో మందుల అట్ట తీసి చూసింది. రెండు గోలీలు తక్కువున్నాయి. నొప్పి ఆగనప్పుడు మాత్రమే వేసుకోమని ఇచ్చిన గట్టి గోలీలు.

"ఎప్పుడేసుకున్నవ్?"

"చాయ్ తాగినంక."

"రెండా?"

"అంత దూరం పోవాలె. పెద్దాఫీసర్ల ముందర వంగిపోయి నిలవడతనా?"

స్వర్ణ బస్‌స్టాప్ అని కూడా చూడలేదు. "అయ్యో దేవుడా! మనం పోయేదే నొప్పి సూపియ్యనీకె గదయ్యా! నొప్పి ఇంట్లవెట్టి పోతున్నవా?"

ఒట్టేసి చెప్పవచ్చు, ఆ ఆలోచనే మాసయ్యకు రాలేదు. మెడికల్ ఉంది, తయారవ్వాలి, అంతే. గోలీలు వేసుకున్న చెయ్యి ఆయనది కాదు, పటాలానిది. బస్సు వచ్చింది. తారీకు మారదు, కడుపులోని మందు బయటికి రాదు. ఎక్కారు. దారి పొడుగునా స్వర్ణ కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఆసుపత్రిలో బోర్డు గదిలో ముగ్గురున్నారు. మధ్యలో నెరిసిన మీసాల కల్నల్, పక్కన నరాల డాక్టరు అయిన ఒక లేడీ మేజర్, ఆ చివర రాసుకునే ఇంకో ఆఫీసరు. స్వర్ణను బయటే ఆపేశారు. లోపలికి అడుగు పెట్టీ పెట్టగానే మాసయ్య మడమలు కలిశాయి, ఛాతీ లేచింది, గోడలు అదిరేలా "జై హింద్ సర్" అన్నాడు. పదిరోజుల కోచింగ్ ఆ ఒక్క కేకతో గాలికి పోయింది.

కల్నల్ మెచ్చుకోలుగా చూసి ఏదో రాసుకున్నాడు. వంగమన్నాడు. వంగాడు. మామూలు రోజుల్లో మోకాళ్లు దాటని చేతులు, గోలీల పుణ్యమా అని పాదాల దాకా పోయాయి. కల్నల్ ఇంకా ఏదో రాసుకున్నాడు. మాసయ్యకు తెలుస్తూనే ఉంది, కలం కదిలిన ప్రతిసారీ తన పదిహేను ఇంకా తరుగుతున్నట్టు. నోరు తెరిచి గోలీల మాట చెబుదామనుకున్నాడు. ఆఫీసరు అడగకుండా మాట్లాడే అలవాటు లేదు.

"బూట్లు తీసి పడుకోండి హవల్దార్ సాబ్" అంది మేజర్ హిందీలో. "కళ్లు మూసుకోండి. తగిలినప్పుడు హా అనండి."

కుడికాలు. సూది మొన. హా. రెండు ఊపిర్లు. మళ్లీ మొన. హా. రెండు ఊపిర్లు. హా.

ఇప్పుడు ఎడమకాలు. మాసయ్య పళ్లు బిగించాడు. నోరు తెరవకు, గంతే నీ పని. రెండు ఊపిర్లు పోయాయి. ఏమీ లేదు. ఇంకో రెండు. ఏమీ లేదు. ఆ చీకట్లో ఆయన పాదం అసలు ఉందో లేదో తెలియదు. గదిలో ఎవరూ మాట్లాడడం లేదు. ఆ నిశ్శబ్దం అంతా తన జవాబు కోసమే కాచుకుని ఉన్నట్టనిపించింది. లెక్క తప్పిపోతోంది. ఒకటి పోయింది, రెండు పోయాయి, అందరూ చూస్తున్నారు, హవల్దార్ మాసయ్య జవాబు చెప్పలేకపోతున్నాడు. గొంతు ఆయన్ను అడగకుండానే తెరుచుకుంది.

"హా మేడం."

మేజర్ నెమ్మదిగా అంది: "నేనింకా ముట్టుకోలేదు."

మాసయ్య కళ్లు తెరిచాడు. సూది ఆమె ఒళ్లో ఉంది. కల్నల్ కలం బల్ల మీద పెట్టేశాడు. పొరపాటైంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ సిగ్గు అంతకన్నా ముందొచ్చింది. ఆయన లేచి కూర్చున్నాడు. ఒట్టి కాళ్లతో దిగి నిలబడబోతే మేజర్ భుజం పట్టుకుని ఆపింది. పటాలం హిందీలో, వచ్చీరాని మాటల్లో, ఆయన చెప్పేశాడు.

"సాబ్, ఈ కాలుకు ఏం తెల్వది. పోయిన బోర్డుల గూడ తెల్వలేదు. లెక్కవెట్టి తెలిసినట్టు చెప్పిన."

కల్నల్ మొహం గట్టిపడింది. "బోర్డుకు అబద్ధం చెప్పావు."

"హా సాబ్."

"అప్పుడు అబద్ధం చెప్పినవాడివి, ఇవాళ చెప్పేది నిజమని నేనెలా రాయాలి?"

న్యాయమైన ప్రశ్నే. మాసయ్యే కల్నల్ అయినా అదే అడిగేవాడు. "పొద్దున రెండు గోలీలు గూడ ఏసుకున్న సాబ్. అందుకే వంగగలిగిన" అన్నాడు. ఇది ఎందుకు చెబుతున్నాడో ఆయనకే తెలియదు. మునిగినవాడికి చలేమిటన్నట్టు కాదు, ఒక్కసారైనా అంతా చెప్పెయ్యాలనిపించింది.

కల్నల్ పాత బోర్డు కాగితం తిరగేశాడు. ఇలాంటి వాళ్లు ఆయనకు కొత్త కాకపోవచ్చు.

"సర్, ఈయన్ను అడగొద్దు. కాలునే అడుగుదాం" అంది మేజర్.

ఆమె చిన్న సుత్తి తీసింది. కుడి మడమ వెనక తడితే పాదం ఎగిరింది. ఎడమ మడమ వెనక తట్టింది, మళ్లీ తట్టింది. పాదం బండలా పడి ఉంది. టేపు తెచ్చి రెండు పిక్కలూ కొలిచింది. ఎడమ పిక్క మూడు సెంటీమీటర్లు చిక్కిపోయింది. "ఇప్పుడు బొటనవేలు పైకెత్తండి. ఎడమది."

మాసయ్య తన బొటనవేలి వంక చూశాడు. ఎత్తాలనుకున్నాడు. మెడనరాలు ఉబ్బాయి, నుదుట చెమట పట్టింది, పిడికిళ్లు బిగిశాయి. వేలు కదల్లేదు. తన ఆర్డరు వినని జవాను ఒక్కడు కూడా లేడని ఆయనకు పేరు. అందరి ముందూ ఆ వేలు వినలేదు. ఆయన ఆగలేదు, ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నాడు.

"చాలు సాబ్. చాలు" అంది మేజర్, ఆయన పాదం మీద చెయ్యి వేసి. కల్నల్ కలం తీసుకుని, "మొదటినుంచి చెప్పు. ఏ రోజు, ఎక్కడ, ఏం ఎత్తుతుంటే?" అన్నాడు. మాసయ్య చెప్పాడు. లారీ, గుండు, జారిన కుర్రవాడు, గోలీలు, కోర్సు. పర్వాలేదు అన్న మాట ఎక్కడా రాలేదు.

బయట బెంచీ మీద స్వర్ణ పైట చెంగు మెలిపెట్టుకుంటూ ఉంది. "ఏమన్నరు?" అంది.

"ఏమనలే. రాసుకున్నరు."

ఆ తర్వాత నాలుగు నెలలు ఏ కబురూ లేదు. రెండోనెలలో ఒకరోజు క్లాసు వదిలే వేళ గేటు మెట్ల మీద మాసయ్య పాదం తట్టుకుని, వందమంది పిల్లల మధ్య బోర్లా పడ్డాడు. పిల్లలే లేపి, చెయ్యి దులిపి, నీళ్లు తాగించారు. ఫణీంద్ర గదిలోకి పిలిచి, "అన్నా, పరేషాన్ గాకు. కానీ పైవాళ్లు అడుగుతున్నరు. ఇంకోసారి గిట్లయితే నా చేతుల లేదు" అన్నాడు. ఆ రోజునుంచి మాసయ్య గేటు కడ్డీ పట్టుకుని నిలబడుతున్నాడు. నౌకరీ ముందు పోతుందో, ఉత్తరం ముందు వస్తుందో అని ఇంట్లో ఇద్దరూ పోస్టుమన్ సైకిల్ బెల్లుకు చెవులు రిక్కించి బతికారు.

ఉత్తరమే ముందొచ్చింది. విద్యావతి వాకిట్లో నిలబడే చదివింది, కూర్చునే ఓపిక కూడా లేక. "నలభై శాతం, మాసయ్యా! నలభై! నరం దెబ్బతిన్నదని రాసిండ్రు, సర్వీసు వల్లనేనని రాసిండ్రు. పెన్షన్ వస్తది. నేను చెప్పలే?" ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఎన్ని ఫైళ్లు తేల్చిందో గానీ, ఈ ఫైలుకు మాత్రం ఆమె కళ్లు తుడుచుకుంది. స్వర్ణ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. ఆయన నౌకరీ మానేస్తున్నాడని రేపే ఫణీంద్రకు చెప్పేస్తానంది. కుర్చీ కొంటానంది, చేతులున్న కుర్చీ. మిఠాయి తెస్తానని సంచి తీసి, మళ్లీ కింద పెట్టి, "అమ్మా, ఇంకోపాలి చదువు, తెలుగుల చెప్పుకుంట చదువు" అంది.

విద్యావతి ఒక్కో వరసా చదివి తెలుగులో చెప్పింది. "ఎడమ పాదం పైకి లేవదు. ఎడమ పాదంల స్పర్శ లేదు. ఈ వైకల్యం శాశ్వతం. మల్ల పరీక్ష అక్కరలేదు, జీవితాంతం ఇదే శాతం. చూసినవా, ఇది మంచి మాట. ఇంకోపాలి బోర్డు ముందరికి పోయే పని లేదు."

"అమ్మా" అన్నాడు మాసయ్య. "శాశ్వతం అంటే, ఇంక రాదా?"

"ఏంది రాదా?"

"కాలు."

ఆయన రోజూ పొద్దున నిద్ర లేవగానే, దుప్పటి తీయకముందే, ఆ బొటనవేలిని కదిలించి చూసుకుంటాడని స్వర్ణకు తెలియదు. ఆరేళ్లుగా ఒక్కరోజు తప్పలేదని తెలియదు. ఇవాళ కాకపోతే రేపు కదులుతుందని, కదిలిన రోజు పర్వాలేదని అందరికీ చెప్పవచ్చని ఆయన నమ్ముతున్నాడని అసలే తెలియదు. ఏడాదిగా ఆ కాగితంలో కాలు పోయిందన్న మాట రావాలని ఆమె మొక్కని దేవుడు లేడు. ఇప్పుడు ఆయన ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు.

విద్యావతి కళ్లజోడు తీసేసింది. స్వర్ణ కాగితం ఆమె చేతిలోంచి తీసుకుని నాలుగు మడతలు పెట్టింది. "అన్నం వెడత, లే" అంది.